బస్తా అడుగు దాకా

కాశీబుగ్గ కంటాసుపత్రిలో
మూడింటికి పోయిన కరెంటు నాలుగింటికి వచ్చింది.
బెంచీ మీద ఇంకా పద్నాలుగు మంది.
తెర మీద తవిటమ్మ కుడికన్ను లోపలి పొర:
అన్నీ ఆరు మూలల గదులు,
ఒకదాన్నొకటి ఒరుసుకుని, సందు లేకుండా.

గది నడుమ చుక్క పెట్టడం నా పని.
చుక్క. చుక్క. చుక్క.
ముగ్గులు పెట్టిన చేతికి ఇది కొత్తేం కాదు,
కాకపోతే ఈ ముగ్గు చెరిగితే
మళ్లీ వేసేవాళ్లు లేరు.
ఒక గది చచ్చిపోతే ఇంకోటి పుట్టదు,
పక్కవి కాళ్లు చాపి ఆ ఖాళీ కప్పుతాయి,
అంతే.

ఇరవై చుక్కలు పెట్టి ఆపేశాను.
చదరపు మిల్లీమీటరుకు
రెండు వేల నాలుగు వందల పన్నెండు, అంది యంత్రం.
మంచి అంకె. ఆపరేషన్‌కి తట్టుకునే అంకె.
కాగితం మీద రాసి "తరవాతెవరు?" అన్నాను.

తవిటమ్మ లేవలేదు.
"ఎన్ని సూసినావు తల్లీ?"
"ఇరవై."
"మొత్తం ఎన్నున్నాయేటి?"
"లక్షల్లో ఉంటాయి."
ఒలమ్మ, అని నవ్వింది.

నాకు చిరాకేసింది.
అన్నం ఉడికిందో లేదో తెలియడానికి
ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదా, అన్నాను.

"అన్నం ఒక కుండలో ఒక మంట మీద ఉడుకుద్ది.
పిక్క అలక్కాదు. ఒకో పిక్క ఒకో సెట్టుది.
ముప్పైరెండేళ్లు జీడిపప్పు బల్లకాడ కూకున్నాను.
పౌనుకి రెండొందల నలబై గుండ్లు తూగితే ఒక రకం,
మూడొందల ఇరవై తూగితే ఇంకో రకం.
బలిసిన పప్పంతా బస్తా మూతికాడే ఎడతారు.
పైన గుప్పెడు తీసి లెక్కెడితే
ఆ గుప్పెడికే గ్రేడు, బస్తాకి కాదు.
నాను మోసెయ్యి దాకా దూర్సీదాన్ని."

చెయ్యి చూపించింది.
జీడి రసం తిన్న వేళ్లు, ఒక్క గీతా లేదు.
ఈ వేలు ఎవరిదో తెలీదని
రేషన్ యంత్రం నెలనెలా అంటుందట.

మళ్లీ మొదలుపెట్టాను.
ముప్పై దగ్గర రెండు వేల రెండు వందలు.
నలభై ఐదు దగ్గర వెయ్యిన్నీ తొమ్మిది వందల చిల్లర.
కాటా ముల్లు ఊగినట్టు ఊగుతోంది అంకె.
బయట ఎవరో తలుపు కొట్టారు.
డెబ్బై ఐదు దాటాక ఊగడం తగ్గింది.
నూటికి, దాదాపు ఆగింది.
నూట పది: వెయ్యిన్నీ ఏడు వందల ముప్పై ఆరు.

అప్పుడు చూశాను,
నా మొదటి ఇరవై ఎక్కడివో.
ఆ మూల గదులు చిన్నవి, ముచ్చటైనవి,
దగ్గరదగ్గరగా కూచున్నవి.
అందంగా ఉన్న చోటికే పోయింది నా కన్ను.
ఎవరూ మూతికాడ పెట్టలేదు,
నేనే ఏరుకున్నాను.

గడ్డం ఆనించమని, ఇంకో రెండు చోట్ల బొమ్మలు తీశాను.
వెయ్యిన్నీ ఆరు వందల తొంభై.
వెయ్యిన్నీ ఎనిమిది వందల రెండు.
మూడూ ఒకటి కావు,
కానీ మూడూ ఒకే ఊరి మాట మాట్లాడాయి.

డాక్టర్ బెహరా గారు కొట్టేసిన అంకె చూశారు,
కింద రాసింది చూశారు.
నన్నేమీ అనలేదు.
"కుర్రాడికి వద్దు, నేను చేస్తాను.
జెల్ ఎక్కువ తెప్పించు. నెమ్మదిగా చేద్దాం."
"బేగి తెమిల్తే సాలు బాబూ" అంది తవిటమ్మ,
కాశీబుగ్గ నుంచి ఆఖరి ఆటో ఏడింటికట.

అందరూ వెళ్లాక రిజిస్టరు తీశాను.
లెక్కించిన కణాలు, అనే గడిలో
నా గుండ్రటి చేతిరాత:
ఇరవై. ఇరవై. పద్దెనిమిది. ఇరవై.
మందస, మెళియాపుట్టి, సోంపేట, బారువ,
వరసగా బస్తా మూతులు.
ఇందులో కొన్ని కళ్లకు ఆపరేషన్ కూడా అయిపోయింది.
ఆ పేర్ల దగ్గర పెన్ను కదల్లేదు కాసేపు.

బొమ్మలు యంత్రంలోనే ఉన్నాయి.
వాచ్‌మన్ తాళాలు ఆడించాడు. ఉండమన్నాను.
వజ్రపుకొత్తూరు, దున్న కామయ్య, ఎడమ కన్ను.

ఇరవై ఒకటి.