బెల్జియం అద్దం

బెల్జియం అంటే నాకు అద్దమే తెలుసు.
గిరాకి బేరమాడితే మా నాయిన
గోటితో టింగున కొట్టి
"బెల్జియం మాల్ సేటూ" అనేటోడు.

మంచిర్యాల స్టేషన్ రోడ్డుల దుకాణం.
దేవుళ్లకు బంగారు పట్టీ,
పోయినోళ్లకు నల్ల పట్టీ,
రిటైరైనోళ్లకు ఏదైనా నడుస్తది.

మందమర్రి నుంచి రాజలింగు వచ్చిండు,
లాంప్ క్యాబిన్ల ముప్పయ్యేండ్లు
దీపాలిచ్చి దీపాలు తీసుకున్న మనిషి.
పైపుముక్కల చుట్టిన కాయితాలు బల్లమీద పరిస్తే
మూలలు లేచి మళ్ల చుట్టుకపోతున్నయి.
నాలుగు దిక్కుల మేకుల డబ్బాలు పెట్టిన.

సిరా. నీళ్లు. బొగ్గుపొడి. అంతే.
ఒక మెట్లదారి, ఎక్కెటోడు లేడు.
ఒక కుర్చీ, దానెనక కిటికీ,
కిటికీల కుర్చీకన్న గట్టిగ కూసున్న రాత్రి.
ఒక ఆడమనిషి వీపు.
కొంగు ఎగిరి అట్లనే నిలబడ్డది గని
గాలి ఎటునుంచో గీయలే.
ఇంకోదాంట్ల ఆయనే, అద్దం ముందట.
కండ్లున్నకాడ కాయితం ఉత్తగ ఇడిసిపెట్టిండు.
ఆ తెలుపు నన్నే చూస్తున్నది.

"రంగులెందుకెయ్యవు కాకా?"
"నిద్ర పట్టనోనికి రంగులు కనవడయి బిడ్డా."

జేబులకెల్లి మడతలకాడ చిరిగిన పత్రికముక్క తీసిండు.
బెల్జియం ఆయన బొమ్మలట, నూరేండ్ల కిందివి.
ఆయనకూ నిద్ర లేకుండెనట.
రాత్రంత సముద్రం ఒడ్డుకు తిరిగి
వచ్చి కాయితం తడిపేటోడట.
"నేను సముద్రం చూడలే.
ఓపెన్‌కాస్టు అంచుకు నిలబడ్డ, రాత్రి రెండు గొట్టంగ.
గదే ఇది అనిపిచ్చింది."
అక్కడగూడ బొగ్గుబాయిలుండెనట.
ఆ ఒక్క మాటకాడ జెర నవ్విండు.

కొలత కోసం తిప్పిన.
వెనక దీపాల రిజిస్టరు:
పేరు, దీపం నంబరు,
తీసుకున్న టైము, తిరిగిచ్చిన టైము.
మా నాయినది గూడ అదే బాయి, ఈ దుకాణానికి ముందు.
వేలుపెట్టి వెతికిన. లేదు. వేరే షిఫ్టేమో.
ఒక కాయితంల ఒక వరుసకు
చివరి గడి ఖాళీ.
తిప్పితే ఆడమనిషి వీపు.
నేనడగలే.

ఫ్రేము కడితే వెనక ప్లైవుడ్ కొట్టాలె.
"వద్దు. రెండు దిక్కుల అద్దమే ఎయ్యి."
"గోడకెట్ల తలిగిస్తవ్?"
"గోడకెవ్వడు తలిగిస్తుండు?"

ఐదు బొమ్మలు, పది అద్దాలు.
అడ్వాన్సు మూడు నోట్లు, వాసన నేఫ్తలిన్ గోలీలది,
బల్లమీద పెట్టి ఐదున్నర బస్సుకు పోయిండు.

రాత్రి షట్టరు సగం దించి కోసిన.
హీరా కలం కిర్రుమంటాంటే పండ్లు జివ్వుమన్నయి.
ఆమె మీద అద్దం పెట్టి
గోటితో కొట్టిన, అలవాటు.

సప్పుడు రాలే.