ఆరు వందల పన్నెండో పేరు

సిరొంచలో ఆ రోజు మబ్బు పట్టింది గానీ చినుకు రాలలేదు.
తునికాకు సొసైటీ ఆఫీసులో ఫ్యాను తిరిగినంతసేపే
నెట్‌వర్కు ఉన్నట్టు లెక్క.
వెయ్యిన్నీ ఎనిమిది వందల నలభైమూడు పేర్లు.
ఎండంతా వంగి కోసిన ఆకు కూలి
ఒకే మూటగా కట్టి పంపాను.

సొసైటీ ఖాతాలోంచి తీయి, ఆమె ఖాతాలో వెయ్యి.
తీయి, వెయ్యి.
ఆరు వందల పదకొండు దాకా
లోడు బండి ఘాటెక్కినట్టు
మూలుగుతూ అయినా నడిచింది.

ఆరు వందల పన్నెండు: ఆత్రం చినుబాయి, జింగానూరు.
ఖాతా నంబరులో ఒక అంకె తక్కువ.
పాస్‌బుక్కు మడతలో నలిగిన సున్నాని
ఎవరో చూసుకోలేదు.
ఆ ఎవరో నేనే.

తెర మీద ఒక్క ఎర్ర గీత.
ఆ తర్వాత జరిగేది కంటికి ఆనదు.
వెళ్ళిన కూలి డబ్బులన్నీ
చివర పోయినవి ముందుగా
వచ్చిన అడుగుల్లోనే అడుగులేసి వెనక్కొచ్చాయి.
పొద్దున ఎంతో, ఇప్పుడూ అంతే.
ఏమీ జరగలేదంటుంది ఖాతా పుస్తకం.

కిటికీ చువ్వలు పట్టుకొని దుర్గం మల్లుబాయి అడిగింది:
"ఒక్కదాని నంబరు తప్పైతే
గింతమంది పైసలు ఎందుకు మలిపినవ్ సాహెబూ?"
సగం అయిన పని గురించి నేను నోరు తెరిచేలోపు
ఆమే అంది:
"మా నాయిన పడవ నడిపేటోడు, వంతెన లేనప్పుడు.
గోదాట్ల నడిమిట్ల గాలి లేస్తే ఈ గట్టుకే మలుపుతుండె.
సగం మందిని కాళేశ్వరంల దించి
సగం మందిని నీళ్ళల్ల దించుతడా?"
ఇంజనీరింగులో నాలుగేళ్ళు చదివాను
ఈ పడవ సంగతి ఎవరూ చెప్పలేదు.

పోయినేడు నేనింత మంచివాణ్ణి కాదు.
ఏ తప్పొచ్చినా మింగేసి
'సఫలం' అని రాసే నాలుగు వరుసలు పెట్టాను,
పై ఆఫీసు ఫోన్లు తప్పించుకోవడానికి.
నలభై ఒక్క మంది కూలి
ఆ పచ్చటి మాట కింద దీపావళి దాకా పడుంది.
అందుకే ఇప్పుడు ఎర్ర గీతను చూస్తే
భయం వేస్తుంది, కొంచెం గౌరవం కూడా.

సున్నా చేర్చి మళ్ళీ మూట కడుతున్నాను.
అప్పుడొచ్చింది రేగుంట తోర్రెం రాజక్క,
ఫోను కొంగులో చుట్టుకొని.
ఆమెది నలభై ఏడో పేరు.
'జమ అయింది' అని మరాఠీలో మెసేజు.
బ్యాంకులో మాత్రం సున్నా.

పైసలు వెనక్కి నడిచాయి. మెసేజు నడవలేదు.
వేసిన వెంటనే చెప్పమని రాశాను,
మూటంతా చేరాక చెప్పమని కాదు.

"మెసేజు చూసి ఏం చేసినవ్ అక్కా?"
"వడ్డీ సేటు దుకాణానికి పోయిన.
ఫోను గల్లా మీద పెట్టిన.
మూడేండ్ల సంది గొంతుల వెట్టుకున్నవన్నీ
బజారు మొత్తం ఇనంగ అన్న."
"అన్నీ?"
"వాని త్రాసు గురించి గూడ."

ఐదూ నలభైకి రెండో మూట చేరింది.
పేరు పేరునా, చినుబాయితో సహా.
ఇక తిరుగు లేదన్న ఆ చివరి వరుస కింద
మెసేజు వరుసను దించి పెట్టాను.
రెండు వరుసల చోటు మార్పు, అంతే.

సేటుతో నేను మాట్లాడతానన్నాను.
తప్పు మెషిన్‌ది, నాది,
ఆమె మాటలు లెక్కలోకి తీసుకోవద్దని చెప్తానన్నాను.
రాజక్క గుమ్మం దాటి, మళ్ళీ వెనక్కొచ్చింది.

"పైసలు మలిపితే మలిపినవ్ గని
ఆ మాటలు మలపకు.
అవి చేరినయ్."