రూపాయిలో ఎనభై ఆరు పైసలు

ఆటోనగర్‌లో మధ్యాహ్నం రెండు.
గుంటూరు యార్డు నుంచి వచ్చిన లారీ
మిర్చి టిక్కీల ఘాటుతో మా షెడ్డంతా తుమ్మిస్తోంది.
వెనక చక్రానికి పది నట్లు.
తొమ్మిది ఊడొచ్చాయి. పదోది
తుప్పుతో వియ్యమంది కూర్చుంది.

స్పానరుకి తొడిగిన పైపు వంకర.
ఎప్పుడో ఏ టైరు కిందో నలిగింది.
మీరావలి మేస్త్రీ కుడి మోచెయ్యీ అంతే,
కట్టు కట్టినవాడు తొందరపడ్డాడట,
పూర్తిగా చాచుకోదు.

తోశాను. నలభై ఆరు కిలోల మనిషిని,
వంగి, పళ్లు బిగించి,
ఏటవాలుగా, నట్టు మీదికే.
అది నన్ను చూడనైనా లేదు.
క్లీనర్ యోహాను బీడీ పక్కకి తీసి మరీ నవ్వాడు.

"పాలిటెక్నిక్‌లో ఏం చెప్పారమ్మాయ్?"

చెప్పారు.
బలాన్ని రెండుగా విడగొట్టమన్నారు,
పొడవునా ఒకటి, అడ్డంగా ఒకటి.
అడ్డంగా ఉన్నదే తిప్పుతుంది.
ముప్పై డిగ్రీల్లో తోస్తే
రూపాయి బలంలో తిప్పేది అర్ధరూపాయి.
మిగతాదెంత అని సార్ అడిగితే
బెంచీ బెంచీ "అర్ధరూపాయే" అని అరిచాం.
కాదు. ఎనభై ఆరు పైసలు.

గవర్నరుపేట బట్టల కొట్లో
పద్దులు రాసే మా నాన్నకి
ఆ రాత్రి నోట్సు చూపించాను.
కళ్లజోడు తీసి తుడుచుకుని
"చీలిస్తే రూపాయి ముప్పై ఆరా!
ఈ వ్యాపారం ఎక్కడుందే తల్లీ" అన్నాడు.
వర్గాలు కూడితే సరిపోతుంది నాన్నా అన్నాను.
సరిపోలేదు ఆయనకి.

మేస్త్రీ టిక్కీకి కట్టిన పురికొస ఒకటి తెంపి
నట్టు నడిబొడ్డున ఒక కొస నొక్కిపట్టి
రెండో కొస నా పిడికిట్లో పెట్టాడు.
పైపు వంకర పైపు దగ్గరే ఉండిపోయింది.
పురికొస తిన్నగా నిలబడింది.
"నట్టుకి వంకరలు తెలీవు. ఇదొక్కటే తెలుసు.
దీనికి అడ్డంగా నిలబడు."

పైపుకి అడ్డం కాదు, పురికొసకి అడ్డం.
రెంటికీ తేడా ఒక జానెడు.
జరిగాను. చెప్పు జారింది, మళ్లీ నిలదొక్కుకున్నాను.
అవే నలభై ఆరు కిలోలు.

ముందు ఒక మూలుగు. తర్వాత
ఇనుము గొంతు సవరించుకున్న చప్పుడు.
యోహాను బీడీ ఆరిపోయింది.

సాయంత్రం టీ కొట్టు దగ్గర అడిగాను,
"ఆ ఎనభై ఆరు పైసలూ ఏమైనట్టు మేస్త్రీ?"
"బోల్టు మింగింది. దానికీ ఆకలుండదూ?
ఓపెన్ స్పానరు పట్టిన రోజు చూద్దువు గానీ,
జారి నీ వేళ్లు చితక్కుండా
లోపలికి నొక్కిపెట్టేది ఆ చిల్లరే."

గ్లాసు కోసం చెయ్యి చాచాడు.
చాచుకోని చోట చెయ్యి ఆగింది,
తను ఒక అడుగు ముందుకేశాడు.
భుజం నుంచి గ్లాసు దాకా
నాకు పురికొసే కనిపించింది.