ఇచ్చిన సలహా

మధ్యాహ్న భోజనం బియ్యం దాచుకునే గది ఇది.
బస్తాలు తీసి బల్ల వేశారు గానీ
పురుగు పట్టిన బియ్యం వాసన ఇంకా పోలేదు.
తలుపు మీద ఎవరో సుద్దముక్కతో
కౌన్సిలింగ్ అని రాసి, కింద దెయ్యం బొమ్మ గీశారు.
నేను చెరపలేదు.
దాన్ని చూసి నవ్వాపుకోలేనివాళ్లే
ముందుగా లోపలికి వచ్చారు.

జీవశాస్త్రం చెప్పుకునేదాన్ని.
మూడు రోజుల ట్రైనింగ్, చేతికొక రిజిస్టరు.
పేరు, తరగతి, సమస్య, ఇచ్చిన సలహా, ఫలితం.
నాలుగో గడి దగ్గర నా పెన్ను ఆగిపోతుంది.

మా నాన్న లాకుల దగ్గర లస్కరు.
బియ్యం పడవలు, సున్నం పడవలు
దిగువ నీళ్లలో వచ్చి నిలిచేవి.
ఆయన పడవని ఎత్తేవాడు కాదు, తోసేవాడూ కాదు.
వెనక తలుపు మూసి
ముందు తలుపు తూము కొంచెం తిప్పి
గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించేవాడు,
లోపలి నీళ్లు పైనీళ్లని అందుకునేదాకా.
ఇప్పుడా కాలవలో పడవల్లేవు.
గుర్రపుడెక్క.

పెమ్మాడి తరుణ్, పదో తరగతి, బి సెక్షను.
"మొద్దు నిద్ర వీడికి. ఐటీఐకి కూడా పనికిరాడు"
అని లెక్కల మాస్టారు పంపించారు.
వచ్చి ఎదురు కుర్చీలో చేతులు కట్టుకున్నాడు,
స్టేషన్లో కూర్చున్నట్టు.
నా కుర్చీ తీసి వాడి పక్కన వేసుకున్నాను.
ఇద్దరం కిటికీలోంచి సైకిల్ స్టాండు చూశాం.
మొదటి వారం సైకిళ్ల గురించే.
రెండో వారం వాడి చెప్పు తెగిన సంగతి.
మూడో వారం, నేనేం అడక్కుండానే:

"రాత్రి కరెంటు పోద్దండి.
చెరువులో ఏరేటర్లు ఆగిపోతాయి.
జనరేటరు తిప్పడానికి నేనే లేవాలండి,
నాన్నకి నడుం పట్టేసింది.
కరెంటు పోకపోయినా మెలకువొచ్చేస్తదండి,
పోద్దేమోనని.
గాలాడకపోతే రొయ్య పైకొచ్చేసి
గట్టమ్మట తిరుగుద్దండి, చూశారా?
క్లాసులో నాకలాగే ఉంటదండి."

బెల్లు కొట్టారు. ఇద్దరం లేవలేదు.
శ్వాసక్రియ పాఠం పద్దెనిమిదేళ్లు చెప్పాను.
రొయ్య మొప్పలు బోర్డు మీద గీశాను కూడా.

ఆదివారం పంటు దాటి వాళ్ల చెరువు గట్టుకెళ్లాను.
తండ్రి బొండం కొట్టిచ్చాడు, మాట మాత్రం ఇవ్వలేదు.
"ఈ పంట తేలితే బెజవాడ హాస్టల్లో వేద్దామనండి."
వాడినడిగారా?
"ఆడేం చెప్తాడండి, కుర్రోడు."
వల బాగుచేసుకుంటున్న మేనమామ
ఏమీ అనకుండా అంతా విన్నాడు.
రేవుదాకా నా వెనకే వచ్చి అప్పుడన్నాడు:
"సోమ, బుధ, శుక్ర నేను కాపలా పడుకుంటానని
చెప్పండి ఆడికి."

దరఖాస్తుల నెలలో తరుణ్ అడిగాడు,
"నీళ్లలో గాలెంతుందో కొలిచే చదువేమైనా ఉంటదాండి?"
ఉంది.
ఫిషరీస్ డిప్లొమా కాగితం బల్ల మీద పరిచాను.
ఫీజెంత, హాస్టలెక్కడ,
కుల సర్టిఫికెట్టుకి ఎన్నిసార్లు తిరగాలి,
సీటు రాకపోతే తర్వాతేం చేద్దాం.
ఆ చివరి మాట ముందే చెప్పాలని
ఒక పిల్లవాడి వల్ల తెలుసుకున్నాను.
వాడి పేరు ఈ రిజిస్టర్లో లేదు.

తనిఖీకొచ్చిన ఎంఈఓ గారు కళ్లజోడు పైకి తోసుకుని
"సలహా గడి ఖాళీ ఉండకూడదమ్మా" అన్నారు.
తరుణ్ పేరుకి ఎదురుగా రాశాను:
కుర్చీ పక్కకి జరిపాను.
ఫర్నిచరు సంగతనుకుని సంతకం పెట్టేశారు.

గెడ్డం హెప్సిబా ఇంకా లోపలికి రాలేదు.
గుమ్మందాకా రెండుసార్లు వచ్చింది.
మొదటిసారి దెయ్యానికి జడ గీసి వెళ్లిపోయింది.
రెండోసారి, జడకి రిబ్బను.
ఇవాళ తలుపు ఓరగా వేసి
కొత్త సుద్దముక్క ఒకటి గుమ్మం మీద పెట్టి
కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.