మినిట్స్ పుస్తకంలో కొట్టివేత

అంబన్ దీవిలో వానకి వేళాపాళా ఉండదు.
ఆ గురువారం నాలుగింటికి రేకుల మీద దబదబా మొదలైతే
వరండాలో ఆరబోసిన లవంగాల్ని
చాపతో సహా లోపలికి లాక్కొచ్చాం.
గదంతా ఘాటు. ఎవరి కళ్ళు ఎందుకు నీళ్ళు పెట్టుకున్నాయో
తర్వాత ఎవరూ తేల్చలేకపోయారు.

నలుగురు కొండమీది చర్చివాళ్ళు,
నలుగురు రేవు పక్క మసీదువాళ్ళు.
నేను లెక్కలోకి రాను, మినిట్స్ రాసేవాణ్ణి.

ఏడాదిన్నరగా మాట్లాడినవన్నీ చేతికందేవే:
బడికి నీళ్ళ ట్యాంకు,
రంజాన్ నెలలో మైకులు,
క్రిస్మస్ రాత్రి బండ్లు ఎక్కడ ఆపాలి.
ఆ రోజు యోసినా పాస్టరమ్మ కుండ బద్దలుకొట్టింది.
"హాజీగారూ, మా సిలువ గురించి
మీరు నిజంగా ఏమనుకుంటారు?
ముఖప్రీతికి వద్దు. నీళ్ళు నమలొద్దు."

హాజీ సలాంపెసీ టీ గ్లాసు కింద పెట్టాడు.
"ఆయన దాని మీద చనిపోలేదమ్మా.
దేవుడు తన ప్రవక్తని వాళ్ళ చేతికి చిక్కనివ్వలేదు.
ఇంకోలా చెబితే
మీకు మర్యాద, నాకు అబద్ధం."

ఎవరో దగ్గారు.
దగ్గు అయిపోయాక కూడా దగ్గారు.

పాస్టరమ్మ చెయ్యి మెడలో గొలుసు మీదికి పోయింది.
"మా నాన్న పెట్టె మీద మట్టి వేస్తూ
మేం పాడింది ఆ సిలువనే.
అది జరగలేదంటే
ఆయన్ని నేనెక్కడ పెట్టుకోను?"

గొంతు పెరిగింది. పక్కన కుర్చీ కిర్రుమంది.
ఆ మంటల ఏడాది పేరెత్తలేదు ఎవరూ,
కిటికీలోంచి మాత్రం చూశారు:
చర్చికీ మసీదుకీ ఒకే ఏడు వేసిన రేకులు,
ఒకేలా తుప్పు పడుతున్నవి.

హాజీ కొడుకు రిద్వాన్ అందుకున్నాడు,
"అయినా మీ ముగ్గురు దేవుళ్ళలో..."
హాజీ చెయ్యెత్తాడు.
"ముగ్గురని వాళ్ళనరు. ఒక్కడే అంటారు.
వాళ్ళు అనని మాట వాళ్ళ నోట్లో పెట్టి
దాన్ని కొట్టడమేమిట్రా?
ఎలా ఒక్కడో నాకు అర్థం కాదు.
అర్థంకాకపోవడం నాది."

పాస్టరమ్మ ఆయన్ని చాలాసేపు చూసింది.
"మీరు ఆయన్ని తగ్గించడానికి కాదు,
అవమానం పడనివ్వకూడదనే అలా నమ్ముతారు. అంతేనా?"
"అంతే."
"నాకు ఆ అవమానమే కావాలి హాజీగారూ.
అంత కిందికి దిగినవాడే నా దేవుడు."
"ఆ మాట నా గొంతు దిగదమ్మా."
"తెలుసు."

బాంగు వినిపించింది.
ఆవిడే లేచి, లవంగాల చాప పక్కకి జరిపి
ఆయనకి చోటు చేసింది.
సగ్గు గంజి పాపేడా గిన్నె మీద పళ్ళెం బోర్లించి
ఈగలు తోలుతూ కూచుంది.

నమాజు అయ్యాక నేను రాసింది చదివాను:
"దారులు వేరైనా గమ్యం ఒక్కటేనని
అందరూ అంగీకరించారు."
"ఎవరన్నారు?"
ఇద్దరి గొంతులూ ఒకేసారి.
ఆ సాయంత్రం వాళ్ళు కలిసి అన్న మాట అదొక్కటే.
"కొట్టెయ్యి."

మా అమ్మది కొండ, నాన్నది రేవు.
ఆ వాక్యం నేను మా ఇంటికోసం రాసుకున్నది,
చిన్నప్పుడు తలుపు సందులోంచి వాళ్ళ పోట్లాటలు వింటూ
నోట్లోనే కట్టుకున్నది.
కొట్టేశాను. కలం కాగితాన్ని చింపింది.

కింద రాశాను: "సిలువ విషయంలో ఏకీభవించలేదు."
"అస్సలు, అని చేర్చు," పాస్టరమ్మ.
"ఇంకా, అని మాత్రం చేర్చకు," హాజీ,
"ఆశపెట్టినట్టుంటుంది."
ఆవిడ పకపకా నవ్వింది.

వచ్చే గురువారం, నాలుగింటికి.
పసుపు చేపల పులుసు హాజీగారింటి వంతు.

పళ్ళెం తీసేసరికి పాపేడా కాస్త బిగుసుకుంది.
రెండు పుల్లలతో చుట్టి చుట్టి
ఆవిడ ముందు ఆయనకే వడ్డించింది.
దాన్ని నమలరు, మింగుతారు.