ఎడమ జడ

పంటు మీద డ్యూటీ దిగి
టిక్కెట్ల సంచీ రేవులో అప్పజెప్పి
నరసాపురం బజార్లో స్టూడియోకి వెళ్ళేసరికి
కుర్రాడు షట్టరు సగం దించేశాడు.
"రండి బాబాయ్, పుస్తకం కదా" అన్నాడు కిందనుంచి.

తమ్ముడో చెల్లో పుట్టిన పిల్లలకి
వాళ్ళ పేరు పెట్టే అచ్చేస్తారట,
ఆసుపత్రిలో నర్సు చెప్పింది.
మూడు రకాలున్నాయి.
ఒకదాన్లో మంచు కురుస్తుంటే
ఎలుగుబంటి తమ్ముణ్ణి బండి మీద లాక్కొస్తోంది.
ఒకదాన్లో కొంగ
పిల్లాణ్ణి మూటగట్టి ముక్కున తెస్తోంది.
కొంగలు మాకు తెలుసు.
చెరువు గట్టున రోజంతా ఒంటికాలి మీద నిలబడి
ఒక్క రొయ్యపిల్లనైనా ఎవరికీ తెచ్చివ్వని జాతి.
మూడోదాన్లో ఇల్లు, అమ్మ, మంచం, ఉయ్యాల.
అదే ఇమ్మన్నాను.

"పేరు?"
కెజియా.
రెండుసార్లు తప్పు కొట్టాడు.
మా అమ్మ మొక్కుకుని, ఏళ్ళ తరబడి దాచి ఉంచిన పేరు.
వంగి ఒక్కో అక్షరం నేనే చూపించాను.

"ఒంటి రంగు?"
నాలుగు గళ్ళు. గోధుమ, పాలు, తేనె, చాక్లెట్.
నానబెట్టిన కొబ్బరిపీచు రంగు లేదా అని అడగబోయి
తేనె అన్నాను.
"జడలు?"
రెండు.
"ఆయ్, ఉన్నాయండి, ఇదిగో."
రెండూ ఒకే పొడుగు. రెండింటికీ ఎర్ర రిబ్బన్లు.

అక్కడ ఆగిపోయాను.

వాళ్ళమ్మని ఆటో ఎక్కించిన మధ్యాహ్నం
లేసులు కత్తిరించే చిన్న కత్తెర తీసి
ఎడమ జడ తనే కోసేసుకుంది, చెవి దాకా.
ఎందుకే అంటే చెప్పలేదు.
నాయనమ్మ చెయ్యెత్తితే నేను అడ్డం వెళ్ళాను.
ఆ జడ ఇప్పటికీ లేసు డబ్బాలో
తెల్ల దారపుండల మధ్య నల్లగా పడుకుని ఉంది.

"ఒకటి పొట్టిగా పెట్టలేవా?"
"అలా రాదండి. రెండూ జతే."

సరే, చదువు, అన్నాను.
పేజీలు తిప్పాడు. మాటలు బావున్నాయి.
ఆఖరి పేజీలో మాత్రం
"కెజియా, ఇకనుంచి నువ్వు పెద్దదానివి."

ఈ వాక్యం నా ఆరో ఏట విన్నాను,
పుస్తకంలో కాదు, వంటింటి గడప దగ్గర.
పెద్దోడివి కదా, మీగడ తమ్ముడికి.
పెద్దోడివి కదా, అమ్మ పక్కన తమ్ముడు.
పదో ఏడొచ్చాక,
పెద్దోడివి కదా, ఈ ఏడుకి బడి మానెయ్.
ఆ ఏడు ఇంకా అవలేదు.
తమ్ముడు మంచోడే. వాడి తప్పేం లేదు.

"ఈ మాట తీసెయ్."
"తీయడం కుదరదండి, మార్చొచ్చు.
ఒక్క లైనే. ఇరవై అక్షరాలు దాటకూడదు."

వశిష్ఠ మీద ఇరవైరెండేళ్ళుగా టిక్కెట్లు చింపేవాణ్ణి,
ఇరవై అక్షరాలు నా దగ్గర ఎక్కణ్ణుంచి వస్తాయి?
గోడల మీద పెళ్ళిజంటలన్నీ నావంకే చూస్తున్నాయి.
కుర్రాడు దోమని చంపి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు.
పంటు నిండిపోయాక కూడా
రేవులో ఒక్క మనిషి మిగిలిపోతే
మేం అరిచే మాట ఒకటుంది.
దానికి ముందు ఒక్క మాట చేర్చి చెప్పాను.

"ఒళ్ళో చోటుంది, ఎక్కు."

"ఇంకా పదమూడు మిగిలాయండి" అన్నాడు.
ఉండనీ, అన్నాను.

వారానికి పుస్తకం వచ్చింది.
కెజియా మంచం మీద బోర్లా పడుకుని
తన పేరున్న ప్రతిచోటా వేలు పెట్టింది, పదకొండు చోట్ల.
ఆఖరి పేజీ నాయనమ్మ చేత చదివించుకుని
ఏమీ అనలేదు.
అది నేను చెప్పిందేనని చెప్పాలనిపించి
ఊరుకున్నాను.

కాసేపటికి కత్తెర చప్పుడు.
వెళ్ళి చూస్తే
మొదటి పేజీలో పిల్లకి
ఎడమ జడ లేదు.
"ఇప్పుడు నేను" అంది.

కాగితానికి పడిన ఆ సన్నటి కన్నంలోంచి,
ఒక కన్ను మూసుకుని,
ఉయ్యాల్లోకి చూసింది.
ఇంకా పేరు పెట్టని వాడు
అటునుంచి ఆవలించాడు.