ఆఖరి కన్నం

ఆనందపురం దాటాక ఎడమచేతి కొండ.
సగమే కొండ. మిగతా సగం
విశాఖలో ఎవరి మేడల కిందో కంకరై ఉంది.
పద్నాలుగేళ్లు దానికి కన్నాలు పెట్టినవాణ్ణి నేనే,
జాక్‌హ్యామర్ మీద పొట్ట ఆనించి.
నా ఎడమ చెవి అక్కడే ఎక్కడో రాళ్లలో పడిపోయింది.

ఇప్పుడూ అక్కడే కూలి.
గుంతలు అప్పటంత లోతు కాదు, మోకాటి దాకా.
మొదటేడు సుబాబుల్ వేశారు, తొందరగా పచ్చబడుతుందని.
పచ్చబడింది. ఫొటోలు దిగారు.
ఒక్క పిట్టయినా దాన్ని చెట్టని ఒప్పుకోలేదు.

అప్పుడు సన్యాసమ్మకి కబురెట్టింది రేంజరమ్మ.
అవతలి వాలులో మేకలు కాసే ముసలిది.
నిరుడు ఆ మేకలకి జరిమానా రాసిందీ ఈ రేంజరమ్మే.
సన్యాసమ్మ ఏమీ అనలేదు.
కర్రతో ఎండిన నక్క పెంట చితిపి చూపించింది:
ఈత గింజలు, రేగు గింజలు, రెండు బలుసు.
"ఇదేనమ్మా నర్సరీ. ఇంకేటి కావాల?"

ఆ ఎండాకాలమంతా ముక్కుకి తువ్వాలు కట్టుకుని
సంచులతో అదే ఏరాం.
మిగిలిన సగం కొండ మీది మట్టి
తట్టల్లో ఇటు మోశాం,
పాలకి తోడు వేసినట్టు
గుంతకి పిడికెడు.

బలుసు, కలివి, పరికి, తంగేడు.
నూటికి అరవై ఒకటి మొదటి వేసవిలోనే పోయాయి.
లెక్క నేనే రాశాను,
మందుగుండు లెక్క రాసిన పుస్తకంలోనే, వెనక పేజీల్లో.

మొక్క దించే ముందు
నోటికి దానంతటదే వచ్చేస్తుంది:
"దూరం... దూరం..."
ఆడవాళ్లు పలుగులు పడేసి నవ్వుతారు.
సన్యాసమ్మ నవ్వదు.
"అరవనీండే. రాయికి సెప్పి సెయ్యడం మంచిదే."

నిన్న ట్యాంకరు రాలేదు.
బిందె భుజానెత్తుకుని మూడో మెట్టు ఎక్కాను.
అంచున నా ఆఖరి కన్నం ఉంది,
మందు కూరకముందే
పని ఆపమని కాగితం వచ్చిన నాటిది.
అందులోంచి కొండరావి.
నాలుగే ఆకులు, ఎర్రటి ఈనెలు.
ఎవరం నాటలేదు. ఏ పిట్టో, ఏ గబ్బిలమో.

వేలు పెట్టి చూడబోయి ఆగాను.
బిందె వంచాను. నీళ్లు గుటకలు వేస్తూ దిగాయి,
కుడి చెవికి బాగానే వినిపించింది.

వేరుకి లోపల ఎంత చోటుందో
నన్నడగండి.
తొమ్మిదడుగులు.